గంటలు అడిగాను, రూపాయలు అడగలేదు

2025 జూన్ రెండో వారంలో ఒక తండ్రి సోనామసూరి బియ్యం సంచిలో కాగితాల కట్ట పెట్టుకుని మా క్లినిక్‌కి వచ్చారు. అది ఆయన కర్రీ పాయింట్ బ్యాంకు ఖాతా స్టేట్‌మెంట్. మొత్తం 61 పేజీలు. వరస వరసకీ ఎర్ర పెన్నుతో గీతలు ఉన్నాయి. 29, 79, 159, మళ్లీ 79, మళ్లీ 79. "ఇరవై వేలో ముప్పై వేలో ఒక్కసారి తీసుంటే ఆ పొద్దే పట్టుకొనుంటాను మేడమ్. చీమలు మోసుకుపోయినట్లు పోయింది," అన్నారు.

పక్కన తల వంచుకుని కూర్చున్న అబ్బాయి నాకు కొత్త కాదు. 2024 డిసెంబరులో 'మెరుగుపడ్డాడు' అని రాసి నేను మూసేసిన ఫైలు అతనిదే.

ఈ కేసు రాయడానికి కారణం అదే. సైకాలజిస్టుగా నేను ఇందులో ఒక పెద్ద పొరపాటు చేశాను. ఆ పొరపాటు నా తోటివాళ్లు చేయకూడదు, తల్లిదండ్రులు అసలే చేయకూడదు. అబ్బాయీ, అమ్మానాన్నలూ ఇది చదివి ఒప్పుకున్నాకే బయటపెడుతున్నాను. పేరు, ఊరి వివరాలు కొన్ని మార్చాను. అబ్బాయిని చరణ్ అందాం.

ఇల్లు, దుకాణం

వాళ్లది ధర్మవరం దగ్గర పల్లె. తండ్రి పదిహేనేళ్ల కింద బెంగళూరు వచ్చి మెస్సుల్లో పనిచేశారు. తర్వాత మారతహళ్లి పక్కన మున్నేకొళ్లాలలో సొంతంగా కర్రీ పాయింట్ పెట్టుకున్నారు. చుట్టూ పీజీ హాస్టళ్లు, వాటి నిండా మన తెలుగు పిల్లలు. సాయంత్రం ఆరు నుంచి పదిన్నర దాకా పప్పు, గుత్తి వంకాయ, చికెన్ కవర్లలో కట్టి ఇస్తూనే ఉండాలి. తండ్రి తెల్లవారుజామున నాలుగింటికి కలాసిపాళ్య మార్కెట్‌కి కూరగాయల కోసం పోతారు. వంట తల్లిది. అక్కకు పెళ్లయి హిందూపురంలో ఉంది.

2024 మార్చిలో చరణ్ పదో తరగతి పరీక్షలు రాశాడు. ఏప్రిల్‌లో ఫోన్ కొనిచ్చారు. సెలవులు కదా అని కౌంటర్ దగ్గర కూర్చోబెట్టారు. దుకాణం ఖాతా ఉన్న ఫోన్ కూడా అతని చేతిలోనే ఉండేది. రాత్రికి రెండు వందల దాకా క్యూఆర్ చెల్లింపులు వస్తాయి. నలభై రూపాయలు, ఎనభై రూపాయలు అని సౌండ్ బాక్స్ అరుస్తూనే ఉంటుంది. అన్ని మెసేజుల మధ్య ఒక 79 రూపాయలు బయటికి పోతే ఎవరు చూస్తారు?

ఇంకొక సంగతి మొదటి రోజే తల్లి చెప్పారు. వాళ్లింట్లో పేకముక్క కనపడకూడదు. చరణ్ చిన్నాయన పేకాటలో మూడెకరాల వేరుశనగ చేను పోగొట్టాడు. ఆ మాట పిల్లల ముందు ఎన్నడూ ఎత్తలేదు. చిన్నాయన రాకపోకలు కూడా తగ్గిపోయాయి. ఆ రోజు నేను దీన్ని నోట్సులో ఒక వరసగా రాసుకుని ముందుకు పోయాను.

మొదటిసారి ఏం చేశాను

2024 సెప్టెంబరులో తల్లి చరణ్‌ని తీసుకొచ్చారు. ఫస్ట్ పీయూలో (కర్ణాటకలో ఇంటర్ మొదటి ఏడాది) మార్కులు పడిపోయాయి, రాత్రి ఒంటిగంట దాకా ఫోన్, పిలిస్తే కోపం. రోజుకు ఆరు గంటలు ఆడుతున్నాడు. గేమింగ్ డిజార్డర్ కోసం మేం వాడే తొమ్మిది ప్రశ్నల స్కేలు పెట్టాను. స్కోరు మధ్యస్థంగా వచ్చింది. నిద్రవేళ, చదువు, ఆటకు టైమ్‌టేబుల్ వేశాం. ఫోన్ రాత్రి పదకొండుకి వంటగదిలో ఛార్జింగుకి పెట్టాలి. మూడు నెలల్లో ఆరు గంటలు రెండు గంటలయ్యాయి. మార్కులు కాస్త లేచాయి. తల్లి స్వీట్ బాక్స్ తెచ్చారు. ఫైలు మూశాను.

తర్వాత ఆ 61 పేజీలు ముందు పెట్టుకుని నెలవారీగా కూడితే తేలింది ఇది. సెప్టెంబరులో ఆటలో పెట్టిన డబ్బు 5,200. నవంబరులో 11,400. నేను గంటలు తగ్గించిన కాలంలోనే ఖర్చు రెట్టింపు దాటింది.

ఎందుకో చరణే తర్వాత వివరించాడు. "అన్నీ ఆడి సంపాదించాలంటే టైమ్ కావాలి మేడమ్. మీరు టైమ్ కట్ చేశారు. ఫ్రెండ్స్ ముందుకెళ్లిపోతున్నారు. టాప్-అప్ చేస్తే వెంటనే వస్తుంది కదా." ఈ ఆటలు ఉచితం. ఆదాయం వచ్చేది ఆడేవాళ్ల ఓపిక తక్కువైన చోట. ఎక్కువసేపు ఆడితే దొరికేదాన్ని డబ్బు పెట్టి తొందరగా తెచ్చుకోవచ్చు. టైమ్ తగ్గిన పిల్లవాడికి ఆ దారి మరీ దగ్గరగా కనపడింది.

నేను మూడు నెలల్లో ఒక్కసారి కూడా డబ్బు గురించి అడగలేదు. నేను వాడిన స్కేలూ అడగదు. మానసిక జబ్బులను గుర్తించడానికి అమెరికా మానసిక వైద్యులు వాడే పుస్తకం డీఎస్ఎమ్-5 2013లో వచ్చింది. అందులో జూదపు వ్యసనానికి ఇచ్చిన లక్షణాల్లో పెట్టే డబ్బు పెంచుకుంటూ పోవడం, పోయింది రాబట్టడానికి మళ్లీ కూర్చోవడం, డబ్బు కోసం ఇతరుల మీద ఆధారపడటం ఉన్నాయి. అదే పుస్తకంలో ఇంటర్నెట్ గేమింగ్‌కి ఇచ్చిన తొమ్మిది లక్షణాల్లో పోయిన డబ్బు వెంట పరుగెత్తడం అన్నదే లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అందులో జూదం కోడు 6C50 అయితే గేమింగ్ కోడు 6C51. అదుపు తప్పడం, మిగతా జీవితం కంటే ఇదే ముఖ్యమైపోవడం, నష్టం కనపడుతున్నా ఆపలేకపోవడం అన్న మూడు గుర్తులూ రెండింటికీ ఇంచుమించు ఒకే మాటల్లో రాశారు. పక్కపక్క గదుల్లాంటి రెండు జబ్బులు అవి. నేను ఒక గది తలుపు మాత్రమే తట్టాను.

డబ్బా తెరవడం

చరణ్ ఆడేది పేరున్న షూటింగ్ గేమ్. దాన్ని ఆడటంలో నైపుణ్యం ఉంది, స్నేహం ఉంది, అందులో జూదం ఏమీ లేదు. ఆ ఆటకు పక్కన ఇంకొకటి అతికించి ఉంది. పిల్లలు దాన్ని క్రేట్ అంటారు, స్పిన్ అంటారు. రూపాయలతో ముందు డైమండ్స్ కొనాలి, డైమండ్స్‌తో డబ్బా తెరవాలి. లోపల ఏముందో తెరిచేదాకా తెలియదు. తుపాకీకి మెరిసే స్కిన్, అంటే పైన తొడిగే కొత్త రూపం, రావచ్చు, ఎవరికీ అక్కరలేని టీషర్టు రావచ్చు.

డైమండ్స్ అమ్మే లెక్కలో కూడా ఒక ఏర్పాటు ఉంది. డబ్బాకు కావాల్సినన్నే సరిగ్గా కొనలేం. ఎప్పుడూ కొన్ని మిగులుతాయి. అవి వృథా కాకూడదని ఇంకో 79 రూపాయలు. ఒకసారి డైమండ్స్‌గా మారాక అది నాన్న కూరల డబ్బు అన్న స్పృహ కూడా పోతుంది. "డైమండ్స్ అయిపోయాయి అనుకునేవాణ్ని, డబ్బులు పోయాయి అని అనిపించేది కాదు," అన్నాడు.

బి.ఎఫ్. స్కిన్నర్ అనే మనస్తత్వవేత్త పావురాలతో, ఎలుకలతో చేసిన ప్రయోగాలు మా చదువులో మొదటి ఏడాదే వస్తాయి. ఇన్నిసార్లు నొక్కితే గింజ వస్తుందని ఖాయంగా తెలిస్తే జంతువు నొక్కి, తిని, కాసేపు ఆగుతుంది. ఎన్నోసారి వస్తుందో తెలియకపోతే ఆగకుండా నొక్కుతూనే ఉంటుంది, గింజ రావడం మానేసినా చాలాసేపు వదలదు. జూదశాలల్లో డబ్బు వేసి ఆడే స్లాట్ మెషీన్ నడిచేది ఈ సూత్రం మీదే. డబ్బా కూడా అంతే.

చరణ్ దగ్గర ఒక గట్టి నమ్మకం ఉండేది. మంచి స్కిన్ వచ్చే అవకాశం ఒక శాతం అని ఆటలోనే రాసి ఉంది కాబట్టి వంద డబ్బాలు తెరిస్తే ఒకటి తప్పకుండా వస్తుంది. సైన్స్ గ్రూప్ పిల్లవాడు, సంభావ్యత లెక్కలు చేస్తున్నవాడు. అయినా ఇక్కడ ఆ లెక్క గుర్తుకు రాలేదు. వంద తెరిచినా ఒక్కటీ రాకపోయే అవకాశం 36 శాతం పైనే ఉంటుంది. పైగా తొంభై తొమ్మిది పోయాయి కాబట్టి వందోది దగ్గరపడిందని ఏమీ లేదు. వందో డబ్బాకు కూడా అదే ఒక శాతం.

స్కిన్ రూపాయలైన రోజు

2025 ఏప్రిల్ మొదట్లో ఒక టెలిగ్రామ్ గ్రూపులో చరణ్ తన గేమ్ అకౌంటును స్కిన్లతో సహా 6,000 రూపాయలకు అమ్మాడు. దాని మీద అప్పటికి పెట్టింది తొంభై వేల పైమాటే. అయినా ఆ ఆరు వేలు అతనికి లాభంలా కనపడ్డాయి. అప్పటిదాకా ఆటలోకి పోయిన డబ్బు తిరిగి రాదని అతనికి తెలుసు. ఆ రోజు మొదటిసారి వెనక్కి వచ్చింది.

నా దృష్టిలో కేసు మలుపు తిరిగింది ఇక్కడే. కొన్నవాడు అదే గ్రూపులో కలర్ ప్రెడిక్షన్ లింక్ పంపాడు. ఎరుపు, ఆకుపచ్చ, ఊదా. ఒక రంగు మీద డబ్బు పెడితే నిమిషంలో ఫలితం వస్తుంది. గెలిస్తే కోత పోను దాదాపు రెట్టింపు. ఇందులో నైపుణ్యం అన్న మాటకు చోటే లేదు, వట్టి రంగు. ఇది జూదమని చరణ్‌కి అనిపించలేదా అని అడిగాను. "స్పిన్ లాంటిదే కదా అనుకున్నా మేడమ్. ఇక్కడైతే స్కిన్ బదులు డబ్బులే వస్తాయి, ఇంకా నయం అనుకున్నా," అన్నాడు. ఏడాదిగా చేతికి పడిన అలవాటు అది. తెర మారింది, వేలు చేసే పని మారలేదు.

మొదటి రోజు 500 పెట్టి 1,900 తీసుకున్నాడు. అది తేలిగ్గా చేతికొచ్చింది. తర్వాత డబ్బు తీయాలంటే ముందు ఇంత రీఛార్జ్ చేయాలని షరతులు మొదలయ్యాయి. రీఛార్జ్ చేసిన ప్రతిసారీ వేరే మనిషి పేరుతో యూపీఐ ఐడీ. స్టేట్‌మెంటులో ఆ పేర్లు చూసి తండ్రి కూరగాయల వ్యాపారులనుకున్నారు.

గ్రూపులో 'సార్' అని ఒకడు ఏ రంగు పెట్టాలో చెప్పేవాడు. ఓడితే రెట్టింపు పెట్టు, ఒక్కసారి గెలిచినా పోయిందంతా వస్తుంది అని అతని సూత్రం. కాగితం మీద వేసి చూపిస్తే తప్ప అందులో మోసం కనపడదు. వందతో మొదలుపెట్టి వరసగా ఏడుసార్లు ఓడితే పోయింది 12,700. ఎనిమిదోసారి 12,800 పెట్టాలి. అది గెలిస్తే, కోత లేదనుకున్నా, చివరికి మిగిలే లాభం వంద రూపాయలు. సగం సగం అవకాశం ఉన్న ఆటలో ఏడు వరస ఓటములు 128లో ఒకసారి వస్తాయి. నిమిషానికో ఫలితం వచ్చే ఆటలో ఒక్క రాత్రి కూర్చుంటే అది అరుదైన విషయమేమీ కాదు. చరణ్‌కి మే నెలలో రెండుసార్లు వచ్చింది.

మొత్తం లెక్క ఇలా తేలింది. 14 నెలల్లో ఆటలోకి పోయింది 1,12,000. ఏడు వారాల్లో రంగుల మీద పోయింది 64,000. దుకాణం ఖాతా నుంచి 1,31,000, అమ్మ చీటీ కట్టడానికి డబ్బాలో దాచిన 25,000, స్నేహితుల దగ్గర అప్పు 20,000.

ఆ రాత్రి

జూన్ మొదటి వారంలో బియ్యం షాపులో తండ్రి చెల్లింపు ఫెయిల్ అయింది. ఖాతాలో అరవై వేలుండాలని ఆయన అనుకుంటున్నారు. మూడు వందల చిల్లర ఉంది. ఇంటికొచ్చి కొట్టారు. ఫోన్ నేలకేసి పగలగొట్టారు. చరణ్ బయటికి వెళ్లిపోయి కృష్ణరాజపురం రైల్వే స్టేషన్లో తెల్లవార్లూ కూర్చున్నాడు. పొద్దున ఒక పీజీ అబ్బాయి గుర్తుపట్టి తీసుకొచ్చాడు.

మొదటి సిట్టింగులోనే చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చిందా అని సూటిగా అడిగాను. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమో అని చాలామంది భయపడతారు. అలా కాదు. అడిగితే పిల్లవాడికి చెప్పుకునే చోటు దొరుకుతుంది. వచ్చిందని చెప్పాడు. ఆ వారమంతా మిగతా పనులన్నీ పక్కనపెట్టాం. ఒంటరిగా వదలకపోవడం, ఎవరూ చేయి చేసుకోకపోవడం, రాత్రి తండ్రి అదే గదిలో పడుకోవడం, నిద్ర కోసం సైకియాట్రిస్టు దగ్గర చూపించడం. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు ముగ్గురి ఫోన్లలోనూ ఎక్కించాను. అక్కడ తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు. డబ్బు గురించి అడగడం ఏడు రోజుల తర్వాతే మొదలుపెట్టాను.

జూదం తీవ్రత చూసే పీజీఎస్ఐ కూడా తొమ్మిది ప్రశ్నలే. స్కోరు ఎనిమిది గానీ అంతకు పైన గానీ వస్తే సమస్యగా లెక్క. అది పెద్దలకోసం చేసినది కాబట్టి మాట్లాడటానికి ఒక ఆధారంగానే వాడాను. చరణ్‌కి 17 వచ్చింది. ఆ ప్రశ్నలనే రంగుల ఆట తీసేసి ఒక్క క్రేట్ల గురించే మళ్లీ అడిగాను. 11 వచ్చింది. అంటే నేను ఫైలు మూసే నాటికే అది జూదపు తీరులో నడుస్తోంది.

చిన్నాయన

కుటుంబ సిట్టింగులో తండ్రి ఒకే ప్రశ్న పట్టుకున్నారు. "వీడు గేమ్ ఆడినాడా, పేకాట ఆడినాడా? అది చెప్పండి నాకు." గేమయితే పిల్లతనం, పేకాటయితే వంశానికి అంటిన మచ్చ అని ఆయన బాధ. తల్లి మాత్రం గేమే అన్న మాటను వదల్లేదు. ఇద్దరూ ఆ పేరు మీద వాదించుకుంటుంటే చరణ్ ఇంకా మూసుకుపోతున్నాడు.

చిన్నాయనను పిలిపిద్దామా అని అడిగాను. తండ్రి రెండు వారాలు ఒప్పుకోలేదు. చివరికి ఆయనే ఫోన్ చేశారు. చిన్నాయన అనంతపురం నుంచి బస్సెక్కి వచ్చారు. యాభై దగ్గర వయసు, ఎనిమిదేళ్లుగా పేక ముట్టలేదు. ఆయన మాటలు చరణ్ అనుమతితో రాసుకున్నాను.

"నాకు ఆట బాగా వచ్చురా. పడిన ముక్కలన్నీ గుర్తుంటాయి. క్లబ్బులో నన్ను మించినోడు లేడు. రమ్మీ జూదం కాదని సుప్రీంకోర్టే చెప్పిందని మీ నాయనతో వాదించేవాణ్ని. చేను పోయింది కూడా ఆట రాక కాదు. ఓడిపోయిన రోజు లేచి ఇంటికి పోయేవాణ్ని. షోకి ఒక్క ముక్క తక్కువై ఆగిపోయిన రోజుండాదే, ఆ రోజు లేవలేకపోయేవాణ్ని. ఇంకొక్క ముక్క అనిపించేది."

చరణ్ అప్పుడు తల ఎత్తాడు. స్పిన్ చక్రంలో ముల్లు గోల్డ్ స్కిన్ పక్క గడిలో ఆగేదని, ఆగిన ప్రతిసారీ వెంటనే మళ్లీ తిప్పేవాణ్నని చెప్పాడు. జూదం మీద పరిశోధన చేసినవాళ్లు దీన్ని నియర్ మిస్ అంటారు. కొద్దిలో తప్పిపోయింది అన్న భావన, ఓటమే అయినా, మళ్లీ ఆడమని మనిషిని తోస్తుంది. తెర మీద ముల్లు ఎక్కడ ఆగాలో ప్రోగ్రామ్ చెప్పినట్టే ఆగుతుంది. పక్క గడిలో ఆగినంత మాత్రాన గెలుపు దగ్గరకు వచ్చినట్టు కాదు. ఇది నేను పది సిట్టింగుల్లో చెప్పినా ఎక్కేది కాదేమో. పేక పట్టిన మనిషి నోట, సొంత చిన్నాయన నోట వింటే ఎక్కింది.

ఆయన చెప్పిన కోర్టు మాట నిజమే. 1967లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పెట్టిన సత్యనారాయణ కేసులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత ఆన్‌లైన్ ఆటల వాదనలన్నీ ఆ తీర్పు చుట్టూ తిరిగాయి. కోర్టుకు ఆ ప్రశ్న అవసరం కావచ్చు. నా గదిలో అది పనికిరాలేదు. నైపుణ్యం ఉన్న చిన్నాయన చేను పోయింది, నైపుణ్యం అక్కరలేని చరణ్ దగ్గర దుకాణం డబ్బు పోయింది. పోయేటప్పుడు ఇద్దరి ఒంట్లో జరిగింది ఒకటే. ఆటకు మీరు ఏ పేరైనా పెట్టుకోండి, పోగొట్టుకున్న క్షణంలో అతని చేయి ఆగుతోందా లేదా అన్నదే నేను చూస్తాను అని తండ్రికి చెప్పాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. అయితే ఆ రోజు తర్వాత పేకాటా గేమా అని మళ్లీ అడగలేదు.

చికిత్స

ముందు డబ్బు దారులు మూశాం. దుకాణం ఖాతా ఫోన్ తండ్రి దగ్గరే. చరణ్ నంబరుకు ఏ బ్యాంకు ఖాతా ముడిపడి ఉండకూడదు. ఖర్చుకు రోజుకు యాభై రూపాయలు, నోటుగా. స్నేహితుల అప్పు 20,000 తండ్రి వాళ్లకే నేరుగా కట్టారు. దానికి బదులు చరణ్ ప్రతి ఆదివారం తెల్లవారుజామున కలాసిపాళ్యకు తండ్రితో వెళ్లి మూటలు ఎత్తాలి. ఆదివారానికి 500 చొప్పున పుస్తకంలో రాయాలి. ఈ ఏర్పాటు చరణ్ అడిగిందే. నేను మొదట సందేహించాను, శిక్షలా మారుతుందేమో అని. మారలేదు.

కోరిక ఎప్పుడు లేస్తోందో రాసుకోమన్నాను. రెండు వారాల నోట్సు చూస్తే ఎక్కువసార్లు రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య, కౌంటర్ దగ్గర. కారణం ఇద్దరికీ చప్పున తట్టలేదు. మూడోవారం అతనే కనిపెట్టాడు. సౌండ్ బాక్స్. డబ్బు వచ్చిందన్న గొంతు వినగానే వేలు ఫోన్ వైపు పోతోంది. ఏడాదిగా ఆ శబ్దం వెంటే టాప్-అప్ నడిచింది మరి. కౌంటర్ నుంచి తీసి లోపల కవర్లు కట్టే పనికి మార్చాం. కోరిక లేస్తే టైమ్ చూసుకుని ఇరవై నిమిషాలు దానితో పోట్లాడకుండా ఊరికే గమనించమన్నాను. చాలాసార్లు పదిహేను నిమిషాల్లో దిగిపోయిందని రాశాడు.

ఇక చింతగింజలు. ఇది నేను ఈ కేసుకోసమే మొదలుపెట్టాను, ఇప్పుడు అందరితో చేయిస్తున్నాను. చెంబులో వంద చింతగింజలు వేసి ఒకదానికి సున్నం పూశాం. కళ్లు మూసుకుని ఒకటి తీయాలి, చూసి మళ్లీ వేయాలి, కలపాలి. ఒక్కో తీతకు 79 రూపాయలని కాగితం మీద గీత. మొదటి వంద తీతల్లో తెల్లగింజ రాలేదు. లెక్క 7,900. చరణ్ ముఖం వాడిపోయింది. రెండో వందలో పద్నాలుగో తీతకే వచ్చింది, అతను కుర్చీలోంచి లేచి అరిచాడు. అరిచి, వెంటనే కూర్చుని నా వైపు చూశాడు. "ఇక్కడ ఏమీ లేదు కదా మేడమ్, ఉత్త గింజ," అన్నాడు. అరుపు ఎక్కడ నుంచి వచ్చిందో, ఒంట్లో ఏమనిపించిందో ఆ తర్వాత ముప్పావుగంట మాట్లాడుకున్నాం. నా వరకు మొత్తం చికిత్సలో అన్నిటికంటే విలువైన ముప్పావుగంట అది.

ఆట పూర్తిగా మాన్పించాలని తండ్రి పట్టు. రంగుల ఆట ఇక ఎన్నటికీ వద్దు, అందులో చర్చ లేదు. మొదటి మూడు నెలలు షూటింగ్ గేమూ వద్దన్నాను. తర్వాత వారానికి రెండు రోజులు, అమ్మ ఫోన్‌లో, స్నేహితులతో కలిసి, కొనుగోలు దారి మూసేసి ఆడనిచ్చాను. ఆడటంలో అతనికి దొరికే స్నేహాన్ని డబ్బాతో పాటు పారేయడం నాకు ఇష్టం లేదు. దీని మీద నా తోటివాళ్లలో భిన్నాభిప్రాయం ఉంది. మళ్లీ అదే చోటికి పంపుతున్నావని ఒకరు హెచ్చరించారు. ఆ హెచ్చరికలో న్యాయం ఉంది, అందుకే నెలకొకసారి స్టేట్‌మెంట్ తెప్పించుకుని చూస్తున్నాను.

చట్టం వచ్చిన వారం

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. 22న రాష్ట్రపతి సంతకం అయింది. నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆటలన్నీ నిషేధం. నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడినవాళ్లకు శిక్ష లేదు. తండ్రి పేపర్ పట్టుకొచ్చారు. "ఇంక భయం లేదు కదా మేడమ్?"

ఒక విషయంలో చాలా మేలు జరిగింది. గ్రూపులోని 'సార్' బాకీ కట్టకపోతే పోలీసులకు పట్టిస్తానని చరణ్‌ని బెదిరిస్తున్నాడు. ఆడినవాడికి ఆ చట్టంలో శిక్ష ఏదీ లేదని చూపించాక ఆ అబ్బాయి చాలా రోజుల తర్వాత నిండుగా నిద్రపోయాడు. 1930కి ఫోన్ చేసి సైబర్ ఫిర్యాదు కూడా ఇచ్చారు. పోయిన డబ్బు రాలేదు.

అయితే ఇలాంటి లింకులు చట్టం చూసి ఆగవు, పేరు మార్చుకుని వస్తాయి. అదే వారం చరణ్ స్నేహితుడి ఫోన్‌కి కొత్త లింక్ వచ్చింది. క్రేట్ల మాట వేరు. ఇలాంటి డబ్బాలకు వాడే పేరు లూట్ బాక్సు, ఆ మాట ఆ చట్టంలో విడిగా లేదు. డబ్బు పెట్టి బొమ్మ తీసుకోవడం డబ్బు గెలవడం కిందికి వస్తుందా అన్న ప్రశ్న అలాగే ఉంది. మరి బయటి దేశాల్లో ఏం చేశారని తండ్రి అడిగారు. 2018లో బెల్జియం, డబ్బు పెట్టి తెరిచే డబ్బాలు తమ జూద చట్టం కిందికే వస్తాయంది. నెదర్లాండ్స్‌లో ఒక ఫుట్‌బాల్ గేమ్ మీద అలాగే జరిమానా వేస్తే 2022లో అక్కడి పై కోర్టు కొట్టేసింది. జపాన్ 2012లోనే, బొమ్మలన్నీ జత కలిస్తే పెద్ద బహుమతి ఇచ్చే పద్ధతిని ఆపింది. "అంటే వాళ్లకూ తేలలేదు," అన్నారాయన. అవును.

ఇప్పుడు

దసరా సెలవుల్లో ఒక జారుబాటు జరిగింది. ఆటలో పండగ ఆఫర్, 48 గంటలే అని తెర మీద గడియారం తిరుగుతోంది. చరణ్ స్నేహితుడి ఫోన్ నుంచి 79 రూపాయలు పెట్టాడు. మర్నాడు తనే నాకు ఫోన్ చేసి చెప్పాడు. తండ్రికి చెప్పడానికి ఇంకో మూడు రోజులు పట్టింది. ఆయన కొట్టలేదు, ఆ రోజంతా మాట్లాడలేదు. తిరుగుతున్న గడియారం అతన్ని ఎంత తొందరపెట్టిందో ఆ వారం సిట్టింగులో రాయించాను. తర్వాత జనవరి దాకా స్టేట్‌మెంటులో అలాంటి వరస లేదు.

మా క్లినిక్ ఫారం మొదటి పేజీ మార్చాను. రోజుకు ఎన్ని గంటలు అన్న ప్రశ్నకు ముందు ఇప్పుడు మూడు ప్రశ్నలున్నాయి. ఆటలో మొదటిసారి డబ్బు ఎప్పుడు పెట్టావు? అనుకున్నది రాకపోతే వెంటనే మళ్లీ పెట్టావా? ఆటలో వస్తువు ఏదైనా అమ్మావా? మూడోదానికి అవునని జవాబు వస్తే ఆ రోజే తల్లిదండ్రులతో విడిగా కూర్చుంటున్నాను.

2026 జనవరి చివరికి పుస్తకంలో 26 ఆదివారాలు పడ్డాయి, 13,000. ఇంకా 14 ఉన్నాయి. సెకండ్ పీయూ పరీక్షలు అయ్యేదాకా మార్కెట్ వద్దులే అని తండ్రి అన్నారట. చరణ్ ఒక్క ఆదివారం మాని, పై వారం మళ్లీ నాలుగింటికి లేచి బండెక్కాడు. ఆ పుస్తకం అయ్యేదాకా నేను ఫైలు మూయను.